కోబ్రాను విరిచిందెవరు?

1901 అక్టోబర్‌లో పోర్ట్స్‌మౌత్‌లో జరిగిన ఒక కోర్టు మార్షల్ మామూలుగా ఎవరూ ఊహించని మాట అన్నది. మునిగిపోయిన ఓడ మీద తీర్పు చెబుతూ, అసలు ఆ ఓడను కొనడమే విచారించదగ్గ విషయమని రాసింది. కొన్నది ఎవరు? తమ పైవాళ్ళే, బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీ. కొలువులో ఉన్న ఆఫీసర్లు తమ శాఖ బేరాన్నే తప్పుపట్టి కాగితం మీద పెట్టడం ఏ దేశపు సైన్యంలోనైనా అరుదు.

ఆ ఓడ పేరు కోబ్రా. సెప్టెంబర్ 17న ఇంగ్లండ్ ఈశాన్యంలోని టైన్ నది నుంచి పోర్ట్స్‌మౌత్‌కు బయల్దేరింది. తుపాకులు అక్కడ బిగించాలి. మర్నాడు పొద్దున్న ఏడు గంటల ప్రాంతంలో, లింకన్‌షైర్ తీరానికి దూరంగా, అవుటర్ డౌసింగ్ అనే ఇసుక తిప్ప దగ్గర రెండు ముక్కలైంది. ఓడలో 79 మంది. బతికింది 12 మంది. పోయిన 67 మందిలో 44 మంది నౌకాదళం వాళ్ళు, 23 మంది ఓడ కట్టిన కంపెనీల మనుషులు. కెప్టెన్ లెఫ్టినెంట్ బాస్‌వర్త్ స్మిత్ ఓడతోనే పోయాడు. టర్బైన్లు చేసిన పార్సన్స్ కంపెనీ మేనేజర్ రాబర్ట్ బర్నార్డ్ కూడా పోయాడు. ఓడలోని చిన్న పడవ ఒక్కటే మనుషులతో మిగిలింది. గంటల తరబడి కొట్టుకుపోతున్న ఆ పన్నెండు మందినీ హార్లింగ్టన్ అనే స్టీమర్ ఎక్కించుకుంది.

అప్పటికి సముద్రం ఓడల్ని ముంచడం ఎవరికీ కొత్త కాదు. కానీ సొంత దేశపు తీరంలో, పేరుమోసిన యార్డు కట్టిన కొత్త ఉక్కు ఓడ, దాదాపు మొదటి ప్రయాణంలోనే మధ్యకు విరగడం ఏమిటి? ఎవరు విరిచారు? అలలా, ఇసుక తిప్పా, నీళ్ళలో తేలుతున్న ఏదో శకలమా, లేక లోపల తిరుగుతున్న ఆ కొత్తరకం యంత్రమా? కోర్టు ఒక జవాబు చెప్పింది. రెండేళ్ళలోపే అడ్మిరల్టీ సొంత ప్రయోగం ఒకటి ఆ జవాబును సగం వెనక్కి లాగింది. ఆధారాలు ఒక్కొక్కటే వరసగా చూద్దాం.

అసలు కోబ్రా లాంటి ఓడ ఎందుకు పుట్టిందన్నది ముందు తెలియాలి. వైట్‌హెడ్ టార్పీడో వచ్చాక యుద్ధనౌకల ధైర్యం సడలింది. లక్షల పౌండ్ల ఇనుప కోటను నాలుగు కాసుల పడవ రాత్రిపూట దొంగలా వచ్చి ముంచగలదు. ఫ్రాన్స్ అలాంటి టార్పీడో బోట్లను గుంపులుగా కడుతోంది. వాటిని పట్టుకోవడానికి బ్రిటన్ 1886లో రాటిల్‌స్నేక్ లాంటి ‘క్యాచర్ల’ను దింపింది కానీ అవి వేటను అందుకునేంత వేగంగా పరుగెత్తలేదు. 1892లో అడ్మిరల్టీలో ఓడల వ్యవహారం చూస్తున్న జాన్ ఫిషర్, యారో, థార్నిక్రాఫ్ట్, లెయర్డ్ అనే మూడు యార్డులకు తలా రెండు పడవలు అప్పగించాడు. టార్పీడో బోటు కన్నా పెద్దవి, దానికన్నా వేగమైనవి, దాన్ని నాశనం చేసేవి. టార్పీడో బోట్ డిస్ట్రాయర్ అన్న పేరు అలా వచ్చింది. యారో కట్టిన హావక్ 1893లో పరీక్షల్లో 26 నాట్లు దాటింది. వెంటనే 27 నాట్లవి 36 ఆర్డరయ్యాయి. తర్వాత 30 నాట్లవి. 1901 వచ్చేసరికి ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి.

ఇక్కడొక పద్ధతి గమనించాలి. అడ్మిరల్టీ గీసిన నమూనా అంటూ ఒక్కటి లేదు. ఇంత వేగం కావాలి, ఇన్ని తుపాకులు పట్టాలి అని చెప్పి, గీత గీసే పని యార్డులకే వదిలేసింది. వేగం అందకపోతే ఓడ తీసుకోరు. దాంతో ప్రతి యార్డూ తనకు తోచినచోట బరువు కోసింది. ఉక్కు రేకులు చాలాచోట్ల పావు అంగుళం మందం కూడా లేవు. వేగం కొంచెం పెంచాలంటే యంత్రం బలం చాలా పెంచాలి. ఆ యంత్రం బరువును తగ్గించడానికి ఓడ ఒళ్ళు పలచన చేయాలి. పైగా వేగ పరీక్షకు వెళ్ళేటప్పుడు ఓడ మీద అసలు సముద్రంలో మోసేంత బొగ్గు, సరుకు ఉండేవి కావు. కాబట్టి కాగితం మీది 30 నాట్లు అలల మీద ఎప్పుడూ 30 కాదు. ఇది అందరికీ తెలిసిన గుట్టు. యంత్రాలు కూడా అంచు మీదే నడిచేవి. 1899లో బుల్‌ఫించ్ అనే డిస్ట్రాయర్ పరీక్షలో ఉండగా ఇంజన్ కడ్డీ విరిగి గదిలోని మనుషులు చనిపోయారు.

ఆ పాత ఇంజన్లకు ఎదురు నిలిచింది చార్లెస్ పార్సన్స్ టర్బైన్. 1897 జూన్ 26న విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో ఆయన చిన్న ఓడ టర్బీనియా వరసలు తీరిన యుద్ధనౌకల మధ్యగా దూసుకుపోయింది. 34 నాట్లు. దాన్ని అందుకోగల పడవ ఆ రోజు అక్కడ లేదు. ఆ దెబ్బకు అడ్మిరల్టీ పార్సన్స్‌కు ఒక డిస్ట్రాయర్ అప్పగించింది. అది వైపర్. పార్సన్స్ టర్బైన్లనే పెట్టి ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ ఎల్స్‌విక్ యార్డులో మరొకటి కట్టింది. అది ఎవరి ఆర్డరూ కాదు. కట్టి పెట్టుకుంటే ఎవరో ఒకరు కొంటారన్న లెక్క. అదే కోబ్రా. 1899 జూన్ 28న నీళ్ళలోకి దిగింది. 223 అడుగుల పొడవు, 20 అడుగుల చిల్లర వెడల్పు, నాలుగు ఇరుసులు, ఒక్కో ఇరుసుకు మూడేసి చొప్పున పన్నెండు ప్రొపెల్లర్లు. పరీక్షల్లో 34 నాట్లు దాటింది. బేరసారాలు సాగి 1900లో అడ్మిరల్టీ దాన్ని కొన్నది. పుట్టుక నుంచీ తన కొలతలకు, తన మనుషుల కళ్ళ ముందు కట్టిన ఓడ కాదని కొనేవాళ్ళకు తెలుసు. ఈ మాట గుర్తుంచుకోండి.

మొదటి అనుమానం టర్బైన్ మీదే పడింది. పడక ఏం చేస్తుంది? ఆగస్టు 3న వైపర్ యుద్ధవిన్యాసాల్లో ఉండగా ఛానెల్ దీవుల్లో ఆల్డర్నీ దగ్గర రాళ్ళకు గుద్దుకుని నాశనమైంది. నెలన్నర తిరిగేసరికి కోబ్రా. ప్రపంచంలో టర్బైన్ యుద్ధనౌకలు రెండంటే రెండు. రెండూ పోయాయి. పేపర్లు చదివేవాడు ముడిపెట్టేస్తాడు. కానీ విడివిడిగా చూస్తే ముడి విడిపోతుంది. వైపర్‌ను ముంచింది పొగమంచు. దారి కనపడక రాళ్ళ మీదికెక్కింది, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. టర్బైన్ స్థానంలో ఎద్దుల గానుగ ఉన్నా అదే జరిగేది. కోబ్రా విషయంలోనైతే టర్బైన్ వాదన తలకిందులవుతుంది. పాత ఇంజన్లలో బరువైన పిస్టన్లు నిమిషానికి వందలసార్లు పైకీ కిందికీ కొట్టుకుంటూ ఓడ ఒళ్ళంతా వణికించేవి. టర్బైన్‌కు ఆ వణుకు లేదు. రేకులకు అలుపు తెచ్చే యంత్రం ఏదైనా ఉంటే అది పాతదే. అదే 1901 ఎండాకాలంలో క్లైడ్ నది మీద కింగ్ ఎడ్వర్డ్ అనే టర్బైన్ స్టీమర్ ప్రయాణికుల్ని ఎక్కించుకుని నిక్షేపంగా తిరిగింది. యంత్రాన్ని నిందితుల పెట్టెలోంచి దింపేయవచ్చు.

నావికులకు ఇంకో అనుమానం ఉంది, పేరు మీద. 1890లో సర్పెంట్ అనే ఓడ స్పెయిన్ తీరంలో మునిగితే ముగ్గురే మిగిలారు. తర్వాత వైపర్, తర్వాత కోబ్రా. పాముల పేర్లు అచ్చిరావని గట్టిగా నమ్మారు. నమ్మకం ఎంత దూరం పోయిందంటే, పార్సన్స్ ఆ తర్వాత కట్టిన టర్బైన్ డిస్ట్రాయర్‌కు మొదట అనుకున్న పైథాన్ పేరు మార్చి వెలాక్స్ అని పెట్టారు. ఈ లెక్కలో రాటిల్‌స్నేక్‌ను మాత్రం ఎవరూ కలపలేదు. విషప్పాము పేరే ఉన్న ఆ పాత క్యాచర్ 1910లో ముసలిదై అమ్ముడుపోయేదాకా ఉంది.

రెండో అనుమానం ఇసుక తిప్ప. చోటు చూస్తే ఇది అందరికన్నా ముందు తోచాలి. అవుటర్ డౌసింగ్ దగ్గర ఉత్తర సముద్రం లోతు తక్కువ, కింద మేటలు. అందుకే అక్కడ ఒక దీపనౌకను లంగరేసి ఉంచారు. రాత్రంతా గాలి పెరుగుతూ వచ్చింది. ఓడ విపరీతంగా దొర్లడంతో బాయిలర్లకు బొగ్గు వేసేవాళ్ళు నిలబడలేకపోయారు. అలాంటి రాత్రి దారి తప్పి తిప్పకు కొట్టుకోవడం అసంభవమేమీ కాదు. అయితే కోర్టు ముందుకు వచ్చిన సాక్ష్యం దీనికి ఒప్పుకోలేదు. కోబ్రా కష్టంలో ఉండటం దీపనౌక మీది మనుషులు చూశారు. ఓడ నేలను తాకలేదు, దారి తప్పలేదు అని కోర్టు తేల్చింది. బాస్‌వర్త్ స్మిత్ తప్పేమీ లేదన్నది అందులోనే ఉంది. బతికి లేని మనిషి మీద నేరం తోసేయడం అన్ని శాఖల్లోనూ తేలికైన దారి. ఈ కోర్టు ఆ దారి పట్టలేదు, అందుకు మెచ్చుకోవాలి.

అప్పట్లో బ్రిటిష్ నౌకాదళంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఓడ పోతే మిగిలినవాళ్ళను ముద్దాయిలుగా నిలబెట్టి విచారణ జరిపేవారు. మిగిలినవాళ్ళలో పైవాడు చీఫ్ ఇంజనీర్ పెర్సీ. కాబట్టి ముద్దాయి ఆయనే, ముఖ్య సాక్షీ ఆయనే. ఆయనా, తక్కినవాళ్ళూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

మూడో అనుమానం ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షం ముందుకు తెచ్చింది. నీళ్ళలో తేలుతున్న ఓడ శకలమేదో గుద్దుకుని ఉంటుంది, ఆ దెబ్బకు అడుగు చీలి, తర్వాత విరిగి ఉంటుంది. కొట్టిపారేయాల్సిన మాట కాదిది. కర్ర ఓడలు ఇంకా తిరుగుతున్న కాలం. మునిగీ మునగక తేలే శకలాలు ఉత్తర సముద్రంలో మామూలే. పలచటి రేకుకు ఒక దూలం మొన చాలు. కానీ ఈ వాదనలో రెండు బలహీనతలున్నాయి. ఒకటి, దాన్ని చెబుతున్నది ఓడ కట్టినవాళ్ళు. రెండు, గుద్దుకున్న ఓడ సాధారణంగా కారుతుంది, ఒరుగుతుంది, కుంగుతుంది. కోబ్రా విరిగింది. అదీ వెనకవైపు రెండు బాయిలర్ల మధ్య, అడ్డంగా. ‘ఏదో తగిలినట్టు అదురు వచ్చింది’ అని ఎవరైనా చెప్పినా అది దేన్నీ తేల్చదు. వందల టన్నుల ఉక్కు తెగేటప్పుడు తనంతట తానే అదురుతుంది. అడ్డంకి ఏదీ తగల్లేదని కోర్టు నమ్మింది.

మిగిలింది నాలుగోది. ఓడ బలం చాలలేదు. నిర్మాణంలోని బలహీనత వల్లే కోబ్రా పోయింది, తక్కిన డిస్ట్రాయర్ల కన్నా అది బలహీనమైంది, అందువల్ల దాన్ని నౌకాదళానికి కొనడం విచారకరం. తీర్పు సారం ఇది.

తీర్పు బాగుంది. కానీ అది పుట్టిన తీరు చూడండి. తిప్ప కాదు, శకలం కాదు, దారి తప్పలేదు, కాబట్టి ఓడే బలహీనం. అంటే మిగిలిన ముగ్గురినీ వదిలేసి నాలుగోవాణ్ణి పట్టుకోవడం. బలహీనం అంటే ఎంత? ఏ అల ఎంత ఒత్తిడి పెట్టింది, రేకు ఎంత ఓర్చుకోగలదు? ఈ ప్రశ్న కోర్టుది కాదు, లెక్కలవాళ్ళది. అసలు చిక్కుముడి ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అలలు ఓడను ఎలా వంచుతాయో చెప్పడానికి ఇంటి దగ్గర నిచ్చెన చాలు. పొడుగాటి నిచ్చెనను ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే నడుం కిందికి జారుతుంది. ఒక్కడే మధ్యలో భుజాన పెట్టుకుంటే కొసలు రెండూ కిందికి వేలాడతాయి. ఓడ కింద అల శిఖరం నడుమ భాగంలో ఉన్నప్పుడు రెండోది జరుగుతుంది. డెక్కు సాగుతుంది, అడుగు నలుగుతుంది. శిఖరాలు రెండు కొసల్లో, పల్లం మధ్యలో ఉన్నప్పుడు మొదటిది. డెక్కు నలుగుతుంది, అడుగు సాగుతుంది. అల పొడవు సరిగ్గా ఓడ పొడవంత ఉంటే ఇది గరిష్ఠం. అందుకని ఇంజనీర్లు ఒక ఒప్పందపు లెక్క పెట్టుకున్నారు. అల ఓడంత పొడుగు, ఎత్తు ఆ పొడుగులో ఇరవయ్యో వంతు, ఓడ దాని మీద కదలకుండా నిలబడినట్టు. కోబ్రాకైతే 223 అడుగుల పొడవు, 11 అడుగుల ఎత్తు ఉన్న అల.

అంత అల ఆ ఉదయం అక్కడ ఉండే వీలుందా? లోతైన నీళ్ళలో 223 అడుగుల అల ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి రావడానికి దాదాపు ఆరున్నర సెకన్లు పడుతుంది. ఉత్తర సముద్రంలో గట్టి గాలి లేచినప్పుడు పుట్టే అలలు దాదాపు ఈ కొలతవే. అట్లాంటిక్‌లోని మహా తరంగాలు ఇంతకు రెండింతలు మూడింతలు పొడుగు. వాటి మీద చిన్న ఓడ మొత్తంగా ఎక్కి దిగుతుంది, నడుం మీద అంత భారం పడదు. అంటే విచిత్రంగా, మహాసముద్రం కన్నా ఇంటి పక్క సముద్రమే ఈ పొడవు ఓడకు గండం. పైగా తిప్పల దగ్గర లోతు తగ్గేచోట అల కురచై, నిటారుగా లేస్తుంది. ఆరున్నర సెకన్లకు ఒకటంటే గంటకు అయిదు వందల పైచిలుకు అలలు. ప్రతి అలకూ ఒకసారి ఇటు, ఒకసారి అటు. తెల్లారేసరికి ఆ రేకులు, ఆ రివెట్లు వేలసార్లు సాగి నలిగి ఉంటాయి. ఈ లెక్క నాది, కోర్టు చెప్పింది కాదు. కానీ అవుటర్ డౌసింగ్ అనే చోటు ఈ కథలో కేవలం ఒక పేరు కాదని ఇది చెబుతుంది. తిప్ప కోబ్రాను తాకి ఉండకపోవచ్చు, దాన్ని విరిచిన అలను మలిచి ఉండవచ్చు.

అయినా ప్రశ్న తీరలేదు. ఇవే రకం డిస్ట్రాయర్లు వంద తిరుగుతున్నాయి, ఇవే నీళ్ళలో. ఫేమ్, వైటింగ్ అనే రెండు 30 నాట్ల డిస్ట్రాయర్లు చైనా దాకా వెళ్ళి, 1900 జూన్‌లో టాకూ కోటల దగ్గర నాలుగు చైనా డిస్ట్రాయర్లను పట్టుకొచ్చాయి. అవేవీ విరగలేదు. మరి ఇదొక్కటే ఎందుకు?

అడ్మిరల్టీకీ అదే గుబులు. మిగిలిన వంద సంగతేమిటి? ఒక కమిటీ వేసింది. అందులో గ్లాస్గో ప్రొఫెసర్ జాన్ బైల్స్ ఉన్నాడు. వాళ్ళు చేసిన పని ఆ కాలానికి అబ్బురం. కాగితం లెక్కల్ని పక్కనపెట్టి నిజం ఓడనే పరీక్షకు పెట్టారు. లెయర్డ్ యార్డు కట్టిన వుల్ఫ్ అనే డిస్ట్రాయర్‌ను పోర్ట్స్‌మౌత్ డ్రై డాక్‌లోకి తెచ్చారు. ఒకసారి నడుం కింద ఆనింపు పెట్టి, మరోసారి రెండు కొసల కింద పెట్టి, డాక్‌లో నీళ్ళు మెల్లగా తోడేస్తూ పోయారు. నీళ్ళు తగ్గేకొద్దీ ఓడ బరువంతా ఆ ఆనింపుల మీదికి దిగుతుంది, ఒళ్ళు వంగుతుంది. స్ట్రోమేయర్ తయారుచేసిన కొలత పరికరాల్ని రేకుల మీద బిగించి, ఎక్కడ ఎంత సాగిందో, ఎంత నలిగిందో చదివారు. ఆ తర్వాత అదే ఓడను, అవే పరికరాలతో, చెడ్డ వాతావరణం వెతుక్కుంటూ సముద్రంలోకి తీసుకెళ్ళారు. తుపాను కోసం కావాలని పోయిన ఆ మనుషుల్ని తలుచుకుంటే ముచ్చటేస్తుంది.

వచ్చిన ఫలితం అందరూ అనుకున్నదానికి ఎదురు. వుల్ఫ్‌కు ఏమీ కాలేదు. సముద్రంలో కొలిచిన ఒత్తిడి ఒప్పందపు లెక్క చెప్పినదానికన్నా బాగా తక్కువ. అంటే లెక్క భయపెట్టినంతగా సముద్రం ఓడల్ని వంచడం లేదు. ఇందుకు కారణం కొంత ముందే తెలుసు. 1883లోనే డబ్ల్యూ. ఇ. స్మిత్ ఒక విషయం చూపించాడు. కదిలే అలలో శిఖరం కింద నీటి ఒత్తిడి మామూలు నీళ్ళలో ఉండాల్సినంత ఉండదు, పల్లం కింద ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఓడ మీద పడే వంపు లెక్కకన్నా మెత్తన. ఇంకొకటి డాక్‌లో తేలింది. రివెట్లతో కుట్టిన ఓడ ఒళ్ళు, అచ్చమైన ఉక్కు దిమ్మెలా కాక, దానికన్నా ఎక్కువ సాగుతుంది. బైల్స్ 1905లో ఈ కొలతలన్నీ నౌకా ఇంజనీర్ల సంఘం ముందు ప్రచురించాడు. ఓడల బలం గురించి మాట్లాడేవాళ్ళు తర్వాత దశాబ్దాలపాటు వుల్ఫ్ పేరెత్తకుండా మాట్లాడలేదు.

ఇప్పుడు చిక్కు చూడండి. సముద్రం తక్కువగానే వంచుతుందని తేలితే, కోబ్రా విరగడానికి అది చాలదు కదా? కోర్టు తీర్పు తప్పా? ఆర్మ్‌స్ట్రాంగ్ శకలం వాదనే నిజమా? చాలామంది అలా తిప్పి చదివారు. నాకలా అనిపించదు.

మొదటి సంగతి, వుల్ఫ్ కోబ్రా కాదు. ఎవరి కొలతలు వాళ్ళవేనని ముందే అనుకున్నాం. లెయర్డ్ యార్డు ఓడ బాగా ఉందంటే లెయర్డ్ యార్డు ఓడ బాగా ఉందనే అర్థం. వందలో తొంభై తొమ్మిది గట్టివని తెలిసినంతమాత్రాన నూరోది కూడా గట్టిదైపోదు. తక్కినవాటికన్నా అది బలహీనమని కోర్టు చెప్పినదాన్ని వుల్ఫ్ ప్రయోగం ఎక్కడా కాదనలేదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ కాలపు లెక్కలన్నీ ఒకే ప్రశ్న అడిగేవి: చదరపు అంగుళానికి ఎన్ని టన్నుల ఒత్తిడి, ఉక్కు తెగే హద్దు ఎంత? సాగుతున్న రేకుకు ఇది సరైన ప్రశ్నే. నలుగుతున్న పలచటి రేకు కథ వేరు. అది తెగే హద్దుకు చాలా ముందే పక్కకు ఉబ్బి మడత పడుతుంది. ఒక రేకు మడత పడితే దాని వంతు భారం పక్క రేకు మీదికి పోతుంది, అదీ మడత పడుతుంది. ఆపైన మోసేది ఎవరూ ఉండరు. దీని గణితం కూడా కోబ్రా నాటికి కొత్తది కాదు. 1891లో జి. హెచ్. బ్రయన్ అనే కేంబ్రిడ్జి గణితజ్ఞుడు అంచుల మీద నొక్కుడు పడ్డ రేకు ఎప్పుడు ఉబ్బుతుందో తేల్చాడు. ఆయన తన వ్యాసం శీర్షికలోనే ఓడల పక్కలు ఉబ్బడం గురించి చెప్పాడు. దాని సారం ఏమిటంటే, రేకు మందం సగం చేస్తే అది ఉబ్బకుండా ఓర్చుకోగల ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఉక్కు మేలైనదా కాదా అన్నదానితో దీనికి పనిలేదు. వేగం కోసం గట్టి ఉక్కు తెచ్చి, గట్టిది కదా అని మందం తగ్గించిన యార్డుల వాళ్ళకు ఇది చేదువార్తే. లండన్ గణిత సంఘం పత్రికలో అచ్చయిన ఆ వ్యాసం ఎల్స్‌విక్ గీతల బల్ల మీదికి చేరినట్టు ఆ రోజుల్లో కట్టిన ఓడల్ని చూస్తే అనిపించదు.

కాబట్టి నా లెక్కలో వుల్ఫ్ ప్రయోగమూ, కోర్టు తీర్పూ ఒకదాన్నొకటి కొట్టుకోవు. సముద్రం పెట్టిన భారం మామూలుదే. ఓడ అందరిలాంటిది కాదు. రాత్రంతా రివెట్లు సడలి ఉంటాయి. పొద్దున్న ఒక నిటారు అల మీద వెనక బాయిలర్ల దగ్గర రేకులు ఉబ్బాయి, తర్వాతి అల మిగతాది తెంచింది. శకలం అవసరం లేని కథ ఇది. శకలం ఉండి ఉంటే కూడా, ఒక్క దెబ్బకు నడుం విరిగే ఓడను బలమైందనడం కుదరదు. ఆర్మ్‌స్ట్రాంగ్ వాదన గెలిచినా ఆ ఓడ నిర్దోషి కాదన్నమాట.

మరి అడ్మిరల్టీ? కోర్టు వేలు చూపించింది అటే. అమ్మకానికి కట్టి పెట్టిన ఓడ. టర్బీనియా చూపించిన వేగం మోజు. 34 నాట్ల అంకె ముందు ఒంటి బలం లెక్క చిన్నబోయింది. ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. వేగం పిచ్చి వదులుకోవాలని నౌకాదళం కోబ్రా పోకముందే అనుకోవడం మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన నదుల పేర్ల డిస్ట్రాయర్లు పాతవాటిలా 30 నాట్లు కావు, 25న్నర నాట్లే. ముందు భాగం ఎత్తు, ఒళ్ళు గట్టి, పరీక్షలు నిజమైన బరువుతో. పాత తాబేటి వీపు ముక్కుల డిస్ట్రాయర్లు తలవంచి నీళ్ళు తాగే సముద్రంలో ఇవి పరుగెత్తాయి. వాటిలో ఈడెన్ అనే దానికి టర్బైన్లు పెట్టారు. వుల్ఫ్ ఒక ప్రపంచయుద్ధం చూసి 1921లో అమ్ముడుపోయింది.

ఇక మనుషుల సంగతి. 1902లో అడ్మిరల్టీ ప్రధాన నౌకా రూపశిల్పి సర్ విలియం వైట్ పదవి నుంచి దిగిపోయాడు. ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చింది ఫిలిప్ వాట్స్. కోబ్రాను కట్టిన ఎల్స్‌విక్ యార్డులో అప్పటిదాకా ఓడల రూపకల్పన చూసింది ఆయనే. నాలుగేళ్ళ తర్వాత, 1906లో, ఆయన రూపకల్పనలో డ్రెడ్‌నాట్ నీళ్ళలోకి దిగింది. దాన్ని నడిపినవి పార్సన్స్ టర్బైన్లే.